వేటగాళ్ళే కావలి కాసే వూరు – మంగళజోడి

హౌరా వైపు పోయే రైలు బరంపురం, ఛత్రపురం దాటి రంభ సమీపించేసరికి పెట్టెలో కుడిచేతి కిటికీల దగ్గర సందడి మొదలవుతుంది. పిల్లలు సముద్రం వచ్చిందంటారు. పెద్దలు, సముద్రం కాదు, చిల్కా అని దిద్దుతారు. ముసలమ్మలు కాళీజాయి అమ్మవారిని తలచుకొని చేతులు జోడిస్తారు. బాలుగావ్ వచ్చేవరకూ కొండలకూ నీళ్ళకూ నడుమ రైలు పోతూ వుంటుంది. ఆ తరువాత ఎవరి పనిలో వారు పడతారు. పూరీకో, కలకత్తాకో, కాశీకో పోయివచ్చిన మన తెలుగు కుటుంబాలలో చిల్కాను చూడనివారు లేరు. చిల్కా దగ్గర దిగినవారు మాత్రం బహు కొద్దిమంది.

ఈ మధ్య యాత్రలను గురించి ఒక కొత్త మాట వినబడుతున్నది. ప్రకృతికి చెరుపు చేయని యాత్ర, పర్యావరణానికి హితమైన విహారం అని పత్రికలవారు వ్రాస్తున్నారు. హోటళ్ళవారు కూడా ఆ మాటను తమ బోర్డులమీద ఎక్కించుకొన్నారు. తువ్వాలును రెండో రోజు కూడా వాడుకోమని గదిలో ఒక చీటీ పెట్టి, పర్యావరణాన్ని కాపాడినామని సంతోషించేవారున్నారు. ఆ మాటకు అసలు అర్థమేమిటో, దానివల్ల ఎవరికి మేలో, ఎక్కడ చిక్కో తెలిసికోవాలంటే మన దేశంలోనే, మన దారిలోనే ఒక పల్లె వున్నది. అది ఖుర్దా జిల్లాలో చిల్కా ఉత్తరపు ఒడ్డున వున్న మంగళజోడి.

ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళు

ముందు చిల్కాను గురించి నాలుగు మాటలు చెప్పవలసి వున్నది. ఇది మంచినీటి చెరువు కాదు, సముద్రమూ కాదు. మహానది పాయలైన దయా, భార్గవీ మొదలైన నదులు ఉత్తరాన మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. తూర్పున సన్నని ఇసుకదిబ్బ, దాని అవతల బంగాళాఖాతం. ఆ దిబ్బకు పడిన గండి ద్వారా పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి వస్తుంది. వానలకాలంలో సరస్సు 1,165 చదరపు కిలోమీటర్ల దాకా పెరిగి, వేసవిలో 900 చిల్లరకు తగ్గుతుంది. ఇంత విశాలమైనా లోతు మాత్రం లేదు. చాలాచోట్ల గడవేసి పడవ నడపవచ్చును. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలు మూడూ దీని ఒడ్డును పంచుకొన్నవి. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే గనుక, దక్షిణపు ఒడ్డున తెలుగు మాట కొత్తది కాదు.

రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందం కింద మన దేశం నుంచి 1981లో మొట్టమొదట చేర్చిన చిత్తడినేలలు రెండు. ఒకటి భరత్‌పూర్‌లోని కేవలాదేవ్, రెండవది చిల్కా. పేరు వచ్చినది గాని ఆరోగ్యం నిలవలేదు. నదులు తెచ్చిన ఒండ్రు పేరుకొని సముద్రపు దారి పూడుకొనిపోయింది. ఉప్పు తగ్గేసరికి మంచినీటి కలుపూ గుర్రపుడెక్కా అల్లుకొన్నవి. చేప తగ్గింది. మరోపక్క రొయ్యలకు విదేశాలలో గిరాకీ పుట్టి, నీళ్ళలో వెదురూ వలలూ పాతి కంచెలు కట్టుకొనేవారు బయలుదేరారు. వాటిని అక్కడ ఘేరీలంటారు. తాతల నాటి నుంచి వల వేసుకొనే బెస్తలకు తమ నీళ్ళలోనే చోటు లేకపోయింది. చిల్కాకు, మన పులికాటుకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువుల పరిశ్రమ కూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినంత మాత్రాన కంచెలన్నీ లేచిపోలేదనుకోండి.

1993లో చిల్కా పేరు అపాయంలో వున్న చిత్తడినేలల పట్టీకి ఎక్కింది. అప్పుడు చిల్కా అభివృద్ధి సంస్థవారు శాస్త్రజ్ఞుల సలహాపై 2000 సెప్టెంబరులో సాతపడా సమీపాన ఇసుకదిబ్బకు కొత్త గండి కొట్టించారు. సముద్రపు దారి సుమారు 18 కిలోమీటర్లు దగ్గర అయినది. ఉప్పు మళ్ళీ లోపలికి వచ్చింది, కలుపు వెనక్కు తగ్గింది. ఏడాదికి సుమారు 1,700 టన్నులకు దిగిపోయిన చేప రాబడి రెండేళ్ళలోనే 11 వేల టన్నులు దాటింది. 2002లో చిల్కా పేరు ఆ అపాయపు పట్టీలో నుంచి తొలగించారు. అదే సంవత్సరం రామ్‌సర్ పురస్కారం కూడా లభించింది. రోగం నయమై ఇంటికి వచ్చిన సరస్సు ఇది. నయమైన మనిషిని చూడబోయే చుట్టం ఏ విధంగా మెలగుతాడో, యాత్రికుడు ఇక్కడ ఆ విధంగా మెలగవలె.

శీతకాలపు చుట్టాలు

అక్టోబరు నెల నుంచి చిల్కాకు చుట్టాలు వస్తారు. సైబీరియా, మంగోలియా, కాస్పియన్ సముద్రప్రాంతం, బైకాల్ సరస్సు, ఇట్టి దూరదేశాల నుంచి పక్షులు మంచుకు వెరచి దక్షిణానికి బయలుదేరుతాయి. తలమీద రెండు నల్లచారలుండే ఒకజాతి బాతు హిమాలయాలను దాటి వస్తుందంటే పిల్లలు నోరు తెరచి వింటారు. డిసెంబరు, జనవరి నెలలలో సందడి మెండు. మార్చి వచ్చేసరికి తిరుగు ప్రయాణం. ప్రతి జనవరిలో అటవీశాఖవారు లెక్క తీస్తారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ లెక్క పది లక్షలకు పైబడి వుంటున్నది.

ఈ పక్షులు ఇక్కడ గుడ్లు పెట్టడానికి రావు. తినడానికీ, బలం పుంజుకోవడానికీ వస్తాయి. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఈ నాలుగైదు నెలలలో ఒంట చేర్చుకోవలె. ఒక్కసారి బెదరి లేచిందంటే అంత మేతా వృథా. రోజుకు పదిసార్లు బెదరితే దారిలో పడిపోయే పక్షులు ఎన్నో! పిల్లలు చప్పట్లు కొట్టి పక్షులను లేపి సంతోషించడం మనకు అలవాటే. అది నిరపాయమైన ఆట కాదని పెద్దలు చెప్పవలసి వున్నది.

తుపాకి దించిన వూరు

మంగళజోడి పక్కన నీరు పలచగా పరచుకొని, రెల్లూ తుంగా పెరిగి, బురద మెత్తగా వుంటుంది. పక్షికి అది సిద్ధాన్నపు పళ్ళెం. వేటగానికీ అంతే. 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, ఇట్టి వేట నేరమైనది. అయినా ఈ పల్లెలో వేట ఆగలేదు. నాటు తుపాకులతో కొట్టేవారు, వలలు పన్నేవారు, మేతలో విషం కలిపి చల్లేవారు, స్థానికంగా గూళ్ళు కట్టే పక్షుల గుడ్లు ఏరేవారు. పట్టినవాటిని చుట్టుపట్ల బజార్లలో అమ్మేవారు. శీతకాలమంతా ఇంటి ఖర్చు అందులోనే గడిచేది. వేటగాళ్ళ వూరని పేరు పడిపోయింది. లక్షల్లో దిగవలసిన పక్షులు కొన్ని వేలకు తగ్గిపోయినవి.

2000లో ఒక మార్పు వచ్చింది. వైల్డ్ ఒరిస్సా అనే స్వచ్ఛంద సంస్థవారు ఆ వూరివారితో ఎన్నోమార్లు మాటలాడి, నచ్చజెప్పి, వేటగాళ్ళనే కొందరిని కూడగట్టి శ్రీ శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితిని స్థాపింపజేశారు. తుపాకి పట్టిన చేతులే గస్తీ పడవల గడలు పట్టినవి. పక్షి ఎక్కడ వాలుతుందో, ఎప్పుడు కునుకు తీస్తుందో, ఏ గాలికి ఏ పక్కకు లేస్తుందో వేటగానికి తెలిసినంతగా ఏ ఉద్యోగికీ తెలియదు. కొత్త వేటగాడు ఏ దారిన వస్తాడో కూడా పాత వేటగానికే తెలుస్తుంది. కాపలాకు వారి కంటె తగినవారు లేరు.

అయితే కాపలా కాసినంత మాత్రాన కడుపు నిండదు గదా. యాత్రికులను పడవలలో తిప్పి పక్షులను చూపే పని అప్పుడు క్రమంగా పుట్టింది. ఆ తరువాత మంగళజోడి ఎకో టూరిజం ట్రస్టు అనే గ్రామస్థుల సంస్థ కూడా ఏర్పడి, బసకు చిన్న కుటీరాలు, భోజనం, పడవ, తోడు మనిషి ఇవన్నీ ఏర్పాటు చేసింది. చంపిన పక్షి ఒక్కసారి అమ్ముడు పోతుంది. బ్రతికిన పక్షిని ఉదయం ఒకరికి, సాయంత్రం ఒకరికి, మర్నాడు మరొకరికి చూపవచ్చును. ఈ చిన్న లెక్క వూరివారికి అర్థమైన తరువాత ఉపన్యాసాల అవసరం చాలావరకు తీరిపోయింది. పక్షులు మళ్ళీ లక్షల్లో దిగుతున్నవి.

గడ పడవలో రెండు గంటలు

మేము పోయినది పుష్యమాసంలో, సంక్రాంతికి కొన్ని రోజుల ముందు. భువనేశ్వరం నుంచి సుమారు 70 కిలోమీటర్లు. చెన్నై–కలకత్తా పెద్దరోడ్డుమీద టాంగి వరకు వచ్చి అక్కడ పక్కకు మళ్ళవలె. రాత్రి కుటీరంలో పడుకొని, తెల్లవారుజామున చలిలో శాలువలు కప్పుకొని రేవుకు నడిచాము. పొగమంచు దట్టంగా వున్నది. పడవ సన్నపాటిది, నలుగురైదుగురు కూర్చోవడానికి సరిపోతుంది. దానికి యంత్రం లేదు. వెనుక ఒకతను నిలబడి వెదురు గడతో నెడతాడు. ముందు కూర్చున్న తోడుమనిషి చేతిలో దుర్భిణి, ఒళ్ళో పక్షుల బొమ్మల పుస్తకం.

పడవ కదలిన తరువాత గడ నీళ్ళలో దిగే చప్పుడు తప్ప మరేమీ లేదు. కొంత దూరం పోయేసరికి పొగమంచులో నుంచి గలగల వినవచ్చింది. వేలమంది సంతలో మెల్లగా మాటలాడుకొంటున్నట్లు వున్నది. వెలుగు వచ్చేసరికి కనిపించినవి. సూదితోక బాతులు, గరిటెవంటి ముక్కు గల బాతులు, బురదలో పొడుగు ముక్కు గుచ్చి గుచ్చి తీసే గాడ్‌విట్ పిట్టల గుంపులు. ఆకుల మీద అడుగు మునగకుండా పొడుగు వేళ్ళతో నడిచిపోయే జకానాలు. ఎర్రముక్కు నీలి నీటికోళ్ళు. కంచెకొయ్య మీద రెక్కలు ఆరవేసుకొనే నీటికాకి. ఎక్కడ చూసినా కొంగలు.

ఒక ఇసుక మెట్టమీద బంగారు చాయ జంట ఒకటి కనిపించింది. చక్రవాకాలన్నాడు తోడుమనిషి, ఒడియాలోనూ ఆ పేరే. మన కావ్యాలలో రాత్రి పడేసరికి విడిపోయి ఒకదానినొకటి పిలుచుకొనే చక్రవాక దంపతులు ఇవే. పద్యాలలో ఎంతకాలంగానో పరిచయమున్నా ముఖం తెలియని చుట్టాలను మొదటిసారి చూసినట్లయింది. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు, తెలుగు పండితులు, దుర్భిణి చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

ఇంతలో పైన గద్ద ఒకటి తిరిగింది. ఒక్కసారిగా గాడ్‌విట్‌లన్నీ లేచి, ఒకే గుడ్డ విదిలించినట్లు అటు తిరిగి ఇటు తిరిగి మళ్ళీ వాలినవి. మాలో ఒక కుర్రవాడు, ఇంకొంచెం దగ్గరకు పోనిస్తే అదే విధంగా మళ్ళీ లేస్తాయేమో, ఫోటో బాగా వస్తుంది అన్నాడు. పడవవాడు గడ ఆపాడు. గద్ద లేపితే అది దాని ఆకలి; మనం లేపితే అది మన వేడుక, ఆ రెండూ ఒకటి కాదని తోడుమనిషి మెల్లగా చెప్పాడు. ఈ మాట చెప్పినవాడు పదిహేనేళ్ళ వయసులో తండ్రివెంట ఇదే నీళ్ళలో వల మోసినవాడట. కుర్రవాడు కెమెరా దించి కూర్చున్నాడు.

రెండు సందేహాలు

ఈ వూరి సంగతి చెప్పినప్పుడు కొందరు మిత్రులు ఒక సందేహం వెలిబుచ్చారు. చట్టాన్ని మీరినవారికి పడవలూ జీతాలూ దొరికినవి. బుద్ధిగా చేపలు పట్టుకొని బ్రతికినవారికి ఏమి దొరికింది? ఇది న్యాయమేనా? ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. అయితే చట్టం వచ్చి 28 సంవత్సరాలైనా ఆగని వేట, వేటగానికి మరొక బ్రతుకుతెరువు చూపిన తరువాతనే తగ్గిందన్నది మరువరాదు. పాతవారిని నిత్యం దొంగలుగానే చూస్తూ వుంటే వారు దొంగలుగానే వుండేవారు. ఇక మిగిలిన వూరికి కూడా ఏదో ఒక మేలు కలగవలె. బస చేసినవారి భోజనానికి బియ్యం, చేపలు, కూరలు ఆ వూరివే కొంటే, ఆటో ఆ వూరిదే మాట్లాడుకొంటే, పడవ లేని ఇంటికి కూడా పక్షి వల్ల నాలుగు రూపాయలు ముడతాయి. భువనేశ్వరంలో పెద్ద హోటల్లో దిగి, అక్కడి కారులో వచ్చి, అక్కడి పొట్లాలే తిని, గంటసేపు పడవ ఎక్కి మరలిపోయే యాత్రికుని వల్ల వూరికి మిగిలేది టైర్ల దుమ్ము, ఖాళీ సీసాలు.

రెండవ సందేహం మరింత చిక్కైనది. పక్షులుండేది నవంబరు నుంచి మార్చి వరకే. మిగిలిన ఏడు నెలల మాటేమిటి? చేపల వేట వున్నది, కొద్దిపాటి సేద్యం వున్నది. గంజాం జిల్లా యువకులు సూరత్ మిల్లులకు వలసపోవడం మనమెరిగినదే. చిల్కా ఒడ్డు పల్లెలకు కూడా ఆ దారి దూరం కాదు. అందువల్ల ఆ అయిదు నెలలలో సంపాదించవలెనన్న ఆత్రం వుంటుంది. పేరు వచ్చిన తరువాత ఆదివారాలూ, సెలవులూ వస్తే జనం తోసుకొని వస్తున్నారు. సరిగా ఇక్కడనే యాత్రికుని చేతిలో ఒక తాళం వున్నది. ఇంకా దగ్గరకు పోనివ్వు, పక్షులను లేపు, నూరు రూపాయలు ఎక్కువ ఇస్తాము అని అన్నామనుకోండి. తుపాకి దించిన చేతికి మనం మరొక తుపాకి అందించినట్లే. వద్దు, దూరం నుంచే చూస్తాము, నీ కూలి నీకు పూర్తిగా ఇస్తాము అంటే, సమితి పెట్టుకొన్న కట్టుబాటుకు మనం వెన్ను దన్ను ఇచ్చినవారమవుతాము. 2000లో ఆ వూరివారు తీసుకొన్న నిర్ణయం ప్రతి శీతకాలం వచ్చేపోయేవారి ప్రవర్తన వల్ల నిలవనూవచ్చు, చెడనూవచ్చు.

సాతపడా డాల్ఫిన్‌లు

చిల్కాలో మరొక వింత ఇరవాడీ డాల్ఫిన్. తల గుండ్రం, ముక్కు పొడుచుకొని వుండదు. నెమ్మదిగా వీపు పైకి తేల్చి, శ్వాస తీసి, మళ్ళీ మునుగుతుంది. ఇవి చిల్కాలో 150 చిల్లర వున్నట్లు ఇటీవలి గణనలు. చూడడానికి జనం సాతపడా పోతారు. అక్కడివి మరపడవలు. డాల్ఫిన్ కంటితో కంటె చెవితో బ్రతికే జంతువు. తాను చేసిన ధ్వని తిరిగి వచ్చి చెప్పినదాన్నిబట్టి మేతను వెదకుకొంటుంది. అట్టి దాని చుట్టూ పది యంత్రాలు హోరెత్తుతూ తిరిగితే గుడ్డివాని ఎదుట దారి తవ్వినట్లే. యంత్రపు రెక్క తగిలి గాయపడేవి కూడా వున్నవి. పడవవానితో ముందే చెప్పుకోవలె: వెంటపడవద్దు, దూరాన యంత్రం ఆపి పెట్టు, కనిపిస్తే మా అదృష్టం, కనిపించకపోతే నీ కూలి తగ్గించము అని. ఈ చివరి మాట చెప్పకపోతే మొదటి మాటలు చెల్లవు.

దిబ్బలమీద ఎర్రపీతలను డబ్బాలో పట్టి చూపేవారు, ఆల్చిప్పను మన ఎదుట పగులగొట్టి ముత్యం తీసి అమ్మేవారు కూడా తగులుతారు. ఆ ముత్యాలను కొన్నవారు ఇంటికి వచ్చి కంసాలికి చూపి నవ్వులపాలు కావడం కద్దు. కొనకపోవడం సంచికీ మేలు, పీతకూ మేలు.

మనవారు ఎరిగినదే

ఈ పద్ధతులన్నీ ఎక్కడి నుంచో దిగుమతి అయినవని అనుకోనక్కరలేదు. ఒడిశా సరిహద్దు దాటగానే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే వూరున్నది. ఏటా నత్తగుల్ల కొంగలు వచ్చి ఆ వూరి చెట్లమీద గూళ్ళు పెట్టి పిల్లలను లేపుకొంటాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వస్తాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా ఆ వూళ్ళవారు వాటిని చూసుకొంటారు. రెట్టల కంపు భరిస్తారు, గోల భరిస్తారు, చెట్టు కొట్టరు. ఏ సంవత్సరమైనా అవి ఆలస్యం చేస్తే వానలు ఏమవుతాయోనని బెంగపడతారు.

గంజాం తీరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట మంచి ఏడులో లక్షల సంఖ్యలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఈ సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది 1994లో. అక్కడి పల్లెల బెస్తలలో తెలుగు మాటలాడే నోలియాలు చాలామంది వున్నారు. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చే రాత్రులలో అవి సముద్రమనుకొని వీధిదీపాల వైపు పాకిపోకుండా ఆ వూళ్ళ యువకులు బుట్టలలో ఎత్తి నీళ్ళ అంచున వదలుతారు. మన భాషవారు, మన పొరుగువారు చేస్తున్న పని ఇది. దాన్ని చూడడానికి మనం పోయినప్పుడు టార్చిలైటు వేయకుండా, చెప్పులతో గుడ్లమీద నడవకుండా వుంటే చాలును.

ఇట్లని మనమంతా పుణ్యాత్ములమని చెప్పుకొనే వీలూ లేదు. కొల్లేరు సంగతి అందరికీ తెలుసును. చేపల చెరువుల గట్లు ఒకదానిమీద ఒకటి లేచి సరస్సును మింగివేస్తే, 2006లో ప్రభుత్వం వాటిని కొట్టించవలసి వచ్చింది. అక్కడా బ్రతుకుతెరువు ప్రశ్నే, ఇక్కడా అదే. ఆ ప్రశ్నకు వూరివారితో కలిసి జవాబు వెదకినచోట సరస్సు కొంతైనా నిలిచింది.

పోదలచినవారికి

డిసెంబరు మొదలు ఫిబ్రవరి మధ్యదాకా మంచి కాలం. ఆదివారాలు, జనవరి 1 తప్పించి వారం మధ్యలో పోవడం మంచిది. సూర్యోదయవేళా, సాయంత్రం నాలుగు తరువాతా పక్షులు బాగా కనబడతాయి. బాలుగావ్ వరకో, భువనేశ్వరం వరకో రైలు వున్నది. నలుగురు కలిసి ఒక బండి మాట్లాడుకొంటే ఖర్చూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది. మెరిసే ఎర్రచీరలు, తెల్లచొక్కాలు ఆ రెండు గంటలకు మానుకొని మట్టిరంగు బట్టలు కట్టుకోవలె. మంచినీళ్ళకు మన పాత మరచెంబు వుండనే వున్నది. పడవలో తినడం, పాడడం వద్దు. చంటిపిల్లలున్నవారు ఒడ్డునున్న మంచె మీద నుంచి చూడవచ్చును. ఒక పూటలో మంగళజోడి, సాతపడా, కాళీజాయి, పూరీ అన్నీ తిరిగివేయాలని పరుగులు పెట్టేవారికి ఏదీ దక్కదు. రెండు రాత్రులు ఒక్కచోటనే వుండి చూడవలె.

కాళీజాయి అమ్మవారికి మొక్కు వున్నవారు మకర సంక్రాంతికి పోతారు. అత్తవారింటికి పడవలో పోతూ తుఫానులో మునిగిపోయిన పెండ్లికూతురు అక్కడ దేవతగా వెలసిందని ఆ ప్రాంతపువారి కథ. దర్శనం చేసికొని రావలసినదే గాని, పూలూ కొబ్బరిచిప్పలూ కట్టి తెచ్చిన ప్లాస్టిక్ సంచులు ఆమె నీళ్ళలో విడిచి రావడం మొక్కు తీర్చడం కాదు.

ఒక మనవి

చివరకు మన సంఘాలవారికి ఒక మనవి. కార్తీకమాసం వనభోజనాలకు ఒడిశాలోని మనవారు చాలామంది చిల్కా ఒడ్డునే ఎంచుకొంటారు. పక్షులు కొత్తగా దిగే నెల కూడా అదే. మైకు లేనిదే పిల్లలకు ఉత్సాహముండదని ఒకరంటారు, రెండు వందలమందికి ఆకులు కడిగేదెవరని ఒకరంటారు, అందుకని ఒకసారి వాడి పారవేసే పళ్ళేలు, గ్లాసులు మూటలు మూటలుగా వస్తున్నవి. వనభోజనం అన్నది ఉసిరిచెట్టు నీడను చేయవలసినది, నీటి అంచున కాదు. ఒడ్డుకు దూరంగా ఏ తోటలోనో పొయ్యి పెట్టుకోవచ్చును. ఒడిశాలో సాలాకుల ఖలీలు ప్రతి బజారులోనూ దొరుకుతాయి. కుట్టినవారికి కూలి ముడుతుంది, తిన్న తరువాత పశువుకో పెంటకుప్పకో పనికివస్తాయి. మైకు బదులు పిల్లలను పదిమంది చొప్పున గుంపులు కట్టి, ఎవరు ఎన్ని రకాల పక్షులు చూసి పేర్లు వ్రాసుకొని వస్తారో పందెం పెట్టండి. గెలిచినవారికి బహుమతిగా ఒక దుర్భిణి ఇవ్వండి.

వంటకు ఆ వూరి ఆడవారినే ఇద్దరిని కూలికి పిలవండి. పులిహోర, దద్దోజనం మనవాళ్ళు చేస్తే, డాల్మా వాళ్ళు చేస్తారు. రెండు వందలమంది తిని లేచిన తరువాత ఆ తోటను మనం వచ్చినప్పటికంటె శుభ్రంగా అప్పగించి రావలె. ఈ కార్తీకానికి సంఘంవారు తేదీ నిర్ణయించేటప్పుడే ఈ సంగతులు కూడా సభలో పెట్టి తేల్చుకొంటే బాగుంటుంది. పక్షులు మాత్రం ఎవరి తీర్మానం కోసమూ ఆగకుండా అక్టోబరులోనే బయలుదేరి వస్తాయి.